రిమాండ్ మాట విన్న రాత్రి

రామగుండం జ్యోతినగర్‌లో మా వెనక వీధిలో ఒక వంటింటి గోడకు క్యాలెండర్ వేలాడుతుండేది. పాల లెక్క అందులోనే రాసేవాళ్లు. అర లీటరు పోయించుకున్న రోజు ఒక గీత, లీటరైతే రెండు. ఒక ఏప్రిల్‌లో గీతల పక్కన అంకెలు కూడా మొదలయ్యాయి. ఒకటి, రెండు, మూడు... ఆ ఇంటాయన ట్రాలీ ఆటో నడిపేవాడు. రాగి కేబుల్ దొంగతనం కేసులో మూడో ముద్దాయిగా అతన్ని తీసుకుపోయారు. కిరాయికి సరుకు వేసుకున్నాడే తప్ప అదేంటో ఆయనకు తెలియదని ఇల్లాలు అంటుంది. అది తేల్చాల్సింది కోర్టు. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ అంకెలు. పదమూడో రోజున బెయిల్ మంజూరైంది. మనిషి ఇల్లు చేరింది ముప్పై ఎనిమిదో రోజున.

నడుమ ఇరవై అయిదు రోజులు. ఆ రోజుల్లో అతను జైల్లోనే ఉండాలని ఏ జడ్జీ అనలేదు. అయినా ఉన్నాడు. ఈ అధ్యాయం ఆ ఇరవై అయిదు రోజుల గురించే.

ఈ పుస్తకంలో ఇంతదాకా అప్పుల గురించి, కోపం గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాం. మనకు జైలుతో ఏం పని అని మీరు అనుకోవచ్చు. ఆ ఇల్లాలు కూడా అలాగే అనుకుంది. జైలంటే హంతకులు, బందిపోట్లు ఉండే చోటని మనకు సినిమాలు నేర్పాయి. లెక్కలు వేరే చెబుతున్నాయి. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి డెబ్బై అయిదుగురికి పైగా నేరం చేశారని ఇంకా ఏ కోర్టూ తేల్చనివాళ్లు. వట్టికోట ఆళ్వారుస్వామి నిజాం కాలంలో రాజకీయ ఖైదీగా లోపలికి వెళ్లి, అక్కడ చూసిన మామూలు మనుషుల మీద ‘జైలు లోపల’ కథలు రాశారు. కాలం ఎంత మారినా మా దగ్గరి జైలు గేటు ముందు నిలబడితే కనిపించేది అలాంటివాళ్లే.

మన కోల్‌బెల్టులో అరెస్టయిన మనిషి ఎక్కడెక్కడికి పోతాడో ముందు తెలుసుకుందాం. పోలీస్ స్టేషన్‌లోని లాకప్ జైలు కాదు. అందులో ప్రయాణ సమయం పోను 24 గంటలు దాటి ఉంచకూడదు, ఈలోపే మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. మేజిస్ట్రేట్ రిమాండ్ రాస్తే అప్పుడు జైలు. చిన్న ఊళ్లలో సబ్‌జైళ్లు ఉంటాయి, తెలంగాణ వచ్చాక వాటిలో కొన్ని మూతపడ్డాయి. రామగుండం, గోదావరిఖని వాళ్లకు జైలంటే ఎక్కువగా కరీంనగర్ జిల్లా జైలే. రాజీవ్ రహదారి మీద పెద్దపల్లి, సుల్తానాబాద్ దాటి దాదాపు అరవై కిలోమీటర్లు. ఎక్కువ శిక్షలు పడ్డవాళ్లు సెంట్రల్ జైలుకు పోతారు. మునుపు మన వైపు వాళ్లకు అది వరంగల్. 2021లో దాన్ని ఖాళీ చేయించి ఆసుపత్రి కోసం ఆ జాగా ఇచ్చేశారు, ఖైదీలను చర్లపల్లి లాంటి చోట్లకు తరలించారు. ఆ రోజు నుంచి ఇక్కడి తల్లులకు ములాఖత్ అంటే హైదరాబాద్ ప్రయాణం అయింది.

జిల్లా జైల్లో దొంగతనం కేసువాళ్లు ఉంటారు, బెల్టు షాపు దగ్గర కొట్లాడినవాళ్లు ఉంటారు. తాగి బండి నడిపి నాలుగు రోజుల శిక్ష పడ్డ నైట్ షిఫ్ట్ కుర్రాడు ఉంటాడు. భార్యకు భరణం కట్టక వారెంటు మీద వచ్చినవాడు, చెక్కు బౌన్స్ కేసులో ఇరుక్కున్న చిట్టీల మనిషి, బీహార్ నుంచో ఒడిశా నుంచో పనికొచ్చి తెలుగు రాక ఎవరికీ ఏమీ చెప్పుకోలేని కాంట్రాక్ట్ కూలీ కూడా ఉంటారు. ఈ మధ్య గంజాయి కేసుల్లో ఇరవై ఏళ్ల పిల్లలు ఎక్కువగా కనిపిస్తున్నారు. పద్దెనిమిది నిండనివాళ్లు మాత్రం ఇక్కడ ఉండకూడదు, వాళ్లకు జువెనైల్ బోర్డు వేరే ఉంది. మీ పిల్లవాడికి పద్దెనిమిది నిండకపోతే బడి సర్టిఫికెట్ పట్టుకుని మొదటి రోజే పరుగెత్తండి. ఒకసారి పెద్దవాళ్ల జైలు గేటు దాటాక ఆ పొరపాటు దిద్దడానికి రోజులు పడుతుంది.

ఇక ఆ మొదటి రాత్రి. స్టేషన్ నుంచి ఫోను వస్తుంది. ఇంట్లో ఏడుపు మొదలవుతుంది. ఎవరో ఒక బావమరిది “నాకు తెల్సిన లీడర్ ఉన్నడు, మాట్లాడిపిస్త” అంటాడు. లీడరుకు ఫోన్లు చేస్తుండగానే తెల్లవారుతుంది. అంతకంటే ముందు చేయాల్సినవి ఉన్నాయి. ఒక నోటుబుక్కు తీయండి. ఏ స్టేషన్, ఎఫ్‌ఐఆర్ నంబరు ఎంత, ఏ సెక్షన్లు, ఎన్ని గంటలకు తీసుకెళ్లారు, ఫోన్ చేసిన అధికారి పేరేమిటి, అన్నీ రాయండి. ఎందుకు అరెస్టు చేశారో ముద్దాయికి చెప్పాలి, ఇంటివాళ్లకో అతను చెప్పిన మనిషికో కబురు పెట్టాలి. ఇది పోలీసులు చేసే ఉపకారం కాదు, చట్టం వాళ్ల మీద పెట్టిన బాధ్యత. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఇది ఉంది. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో ముందు నోటీసు ఇచ్చి పిలవాలి, అరెస్టు తప్పదనుకుంటే కారణాలు రాసిపెట్టాలి. అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2014లోనే ఈ మాట గట్టిగా చెప్పింది. స్టేషన్‌లో గొంతు పెంచకండి. “సార్, ఇది స్టేషన్ బెయిల్ కేసా?” అని అడగండి. బెయిలబుల్ కేసైతే జమానత్ ఇచ్చి ఆ రాత్రే ఇంటికి తెచ్చుకోవచ్చు. అది తెలియక తెల్లారేదాకా అరుగు మీద కూర్చున్న తల్లిదండ్రులను నేను చూశాను.

మేజిస్ట్రేట్ ముందుకు ఆదివారమైనా, పండగైనా తీసుకెళ్తారు. ఒక్కోసారి జడ్జి గారి ఇంటికే. కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. మనవాడు నోరు తెరవాల్సింది ఆ కాసేపట్లోనే. దెబ్బలు తగిలి ఉంటే అప్పుడే చెప్పాలి. వకీల్ లేకపోతే లేడని చెప్పాలి. రోజూ మింగే మందులేమిటో చెప్పాలి. తల వంచుకుని నిలబడితే మర్యాదగా ఉంటుందనుకుంటారు మనవాళ్లు. ఆ మౌనం కాగితం మీద “ఫిర్యాదు ఏమీ లేదు” అన్న మాటగా మారిపోతుంది.

ఇప్పుడు చెప్పబోయే విషయం దగ్గర కొంచెంసేపు ఆగుతాను, ఎందుకంటే దీనివల్ల ప్రాణాలు పోతాయి. జైల్లోకి వెళ్లగానే వారెంటు చూస్తారు, ఒంటి మీది గుర్తులు రాసుకుంటారు, ఉంగరం, ఫోను లాంటివి జాబితా రాసి తీసి పెడతారు, డాక్టరు చూస్తాడు. ఆ డాక్టరుకు బీపీ, షుగరు, ఫిట్స్, టీబీ మందుల గురించి చెప్పడం అందరికీ తడుతుంది. తాగుడు గురించి చెప్పడానికే సిగ్గు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషికి ఉన్నట్టుండి చుక్క కూడా దొరక్కపోతే ఒక రోజులోపే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. రెండో రోజో, మూడో రోజో లేనివి కనిపించడం, వినిపించడం మొదలవుతుంది, ఫిట్స్ వస్తాయి. వైద్యం అందకపోతే చచ్చిపోవచ్చు కూడా. ఉత్తర తెలంగాణలో ఇంకో పీడ ఉంది, కల్తీ కల్లు. అందులో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. అలవాటైన మనిషికి అది అందకపోతే పిచ్చెక్కినట్టు ప్రవర్తిస్తాడు. పక్కనున్నవాళ్లు నటిస్తున్నాడనుకుంటారు. గొడవ చేస్తున్నాడనుకుంటారు. అందుకే ముద్దాయి చెప్పకపోయినా ఇంటివాళ్లు చెప్పాలి. “మా ఆయనకు రోజూ సాయంత్రం కల్లు లేనిది నడవది, పదేండ్ల సంది” అని ఒక కాగితం మీద రాసి, పాత మందుల చీటీ ఉంటే దానితో కలిపి జైలు సూపరింటెండెంట్‌కు ఇవ్వండి. వకీల్ చేత మేజిస్ట్రేట్‌కూ చెప్పించండి. పరువు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మొదటి ములాఖత్‌కు ఆ ఇల్లాలికి తోడుగా నేనూ వెళ్లాను. పొద్దున బస్సులో ఆమె ఒళ్లో ఒక సంచి. రెండు చొక్కాలు, లుంగీ, నైట్ ప్యాంటు, సబ్బు, టవల్. విచారణ ఖైదీలు సొంత బట్టలే వేసుకుంటారు, తెల్ల దుస్తులు శిక్ష పడ్డవాళ్లకే. గేటు దగ్గర ఆ నైట్ ప్యాంటు తిప్పి చూసి నాడా తీసేయమన్నారు. ఎవరైనా మెడకు బిగించుకుంటారేమోనన్న భయం. ఆమె పిన్నీసుతో నాడా కొసను లాగింది. మొత్తం బయటకు వచ్చాక వేలికి చుట్టి, చుట్ట చేసి పర్సులో పెట్టుకుంది. అప్పటిదాకా ఏడవని మనిషి ఆ చిన్న చుట్టను చూసి ఏడ్చింది.

ములాఖత్‌కు వెళ్లేటప్పుడు ఆధార్ కార్డు మరచిపోకండి. ఏ రోజుల్లో, ఏ వేళల్లో అన్నది జైలుకు ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఒక రోజు కూలీ పోగొట్టుకుని వెళ్లి ఈరోజు కాదంటే తిరిగి రావడం కంటే కష్టం ఉండదు. ఈ-ములాఖత్ పేరుతో వీడియోలో మాట్లాడే వీలు కూడా ఉంది. ఎవరో ఒకరు వచ్చి “లోపలోళ్లకు ఇస్తే మంచిగ చూసుకుంటరు” అంటారు. రసీదు లేని పైసా ఒక్కటి కూడా ఇవ్వకండి. క్యాంటీన్ ఖర్చుకు ఖైదీ పేర డబ్బు కట్టొచ్చు, దానికి రసీదు ఇస్తారు. ఆ కాసేపు మాటల్లో ఇంటి కష్టాలన్నీ ఏకరువు పెట్టకండి. ఆరోగ్యం అడగండి, వకాలత్ మీద సంతకం అయిందా అని అడగండి, వాయిదా తేదీ చెప్పండి.

వకీల్ దగ్గరే చాలా ఇళ్లు మునుగుతాయి. పుస్తెలు తాకట్టు పెట్టడం నాకు తెలుసు. అంతదాకా వెళ్లకముందు ఒక మాట వినండి. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం పన్నెండో సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్న ఎవరికైనా ఉచితంగా వకీల్‌ను ఇవ్వాలి. అదే సెక్షన్‌లో మహిళలు, పిల్లలు, ఎస్సీలు, ఎస్టీలు ఉన్నారు. మన బెల్టులో చాలామందికి తెలియని ఇంకో పేరూ అందులో ఉంది, పారిశ్రామిక కార్మికుడు. బొగ్గు గనిలో పనిచేసేవాళ్లు, ప్లాంటులో పనిచేసేవాళ్లు కార్మికులన్న హోదాతోనే ఈ సాయం అడగొచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ గదికి వెళ్లండి. ఉచిత వకీల్ అంటే పని రాని వకీల్ అన్న అపోహ ఉంది. ఆ ట్రాలీ ఆయన్ను చివరికి బయటకు తెచ్చింది అలాంటి వకీలే.

క్యాలెండర్ మీద అంకెలు వేయడం ఆ ఇల్లాలు దుఃఖంతో మొదలుపెట్టింది. నిజానికి ప్రతి ఇంటివాళ్లూ చేయాల్సిన పని అది. రిమాండ్ అయిన రోజునే ఒకటిగా లెక్కపెట్టండి. పదేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాలకు తొంభై రోజులు, మిగతావాటికి అరవై. ఆలోపు పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే ముద్దాయికి బెయిల్ హక్కుగా వస్తుంది. కానీ తనంతట తాను రాదు. గడువు దాటిన మరునాడే పిటిషన్ పడాలి. మీరు నిద్రపోతుండగా ఛార్జిషీటు పడిందా, ఆ హక్కు పోయినట్టే. గంజాయి ఇరవై కిలోలు దాటిన కేసుల్లో ఈ గడువు 180 రోజులు, మామూలు బెయిల్ కూడా చాలా కష్టం. “దోస్తు ఇచ్చిండు, బ్యాగు పట్టుకున్న” అన్న పిల్లల బతుకులు అక్కడ ఆగిపోతున్నాయి. ఇక కేసు ఏళ్లకేళ్లు నడిస్తే నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షన్ ఉంది. ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో సగం కాలం విచారణ ఖైదీగా గడిపినవాళ్లు, ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాళ్లైతే మూడో వంతు గడిపినవాళ్లు, విడుదల కోరవచ్చు. ఉరిశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకు ఇది వర్తించదు. దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే, అయినా మీ లెక్క మీ దగ్గర ఉండాలి.

ఇప్పుడు ఆ ఇరవై అయిదు రోజుల సంగతి. బెయిల్ ఉత్తర్వులో ఇద్దరు జామీనుదారులు కావాలని రాసి ఉంది. ఇంటి పన్ను రసీదో, పట్టా పాస్‌బుక్కో, జీతం సర్టిఫికెట్టో చూపగలిగినవాళ్లు. ఈ భార్యాభర్తలు బతుకుదెరువుకు వచ్చినవాళ్లు, ఉంటున్నది అద్దె ఇల్లు. సొంతవాళ్లంతా దూరం జిల్లాలో. సింగరేణి పే స్లిప్పు ఉన్న మనిషి మన దగ్గర జామీనుకు బంగారం లాంటివాడు. అందుకే అందరూ అతన్నే అడుగుతారు, అందుకే అతనూ భయపడతాడు. ఆమె పది ఇళ్లు తిరిగింది. తొమ్మిది ఇళ్లలో చాయ్ ఇచ్చారు. పదో ఇంట్లో రిటైర్‌మెంట్‌కు దగ్గరపడ్డ ఒక టింబర్‌మన్ “నా బిడ్డ అసొంటిదానివి, కాయితం ఎక్కడ పెట్టిన్నో చూడనీ” అని లేచాడు. ఒకరు దొరికారు. రెండోవారు దొరకలేదు.

ఈ బాధ కొత్తది కాదు. 1978లో మోతీరాం అనే మేస్త్రీ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. కింది కోర్టు పదివేల జామీను అడిగింది, అతని సోదరుడు పూచీ ఉంటానంటే ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో మన మాటా ఎత్తారు. ఒక తెలుగువాడో, మలయాళీయో బస్తర్‌లోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారుణ్ణి ఎక్కడి నుంచి తెస్తాడని అడిగారు. ఆ ప్రశ్నను ఈ రోజు మన ప్లాంటు గేటు ముందు నిలబడి బీహారీ కూలీ మనల్ని అడుగుతున్నాడు.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇంకొన్ని ఆదేశాలు ఇచ్చింది. బెయిల్ ఉత్తర్వు ప్రతి ఆ రోజో మరునాడో జైలు ద్వారా ఖైదీకి అందాలి. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో మనిషి బయటకు రాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. నెల రోజులకూ పూచీకత్తు సమకూరకపోతే షరతులు సడలించాలా అని కోర్టే తనంతట తాను చూడొచ్చు. అదే ఏడాది పేద ఖైదీల కోసం కేంద్రం ఒక పథకం తెచ్చింది. మొదట్లో జామీను సొమ్ముకు విచారణ ఖైదీకి 40,000 దాకా, జరిమానా కట్టలేని శిక్షా ఖైదీకి 25,000 దాకా ఇచ్చేలా పెట్టారు. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. ట్రాలీ ఆయన విషయంలో ఎవరో అడిగేదాకా కాగితం కదల్లేదు. ఇరవై రెండో రోజున ఆమె 15100కు ఫోన్ చేసింది. లీగల్ ఎయిడ్ వకీల్ ఒక్క జామీనుతో సరిపెట్టమని పిటిషన్ వేశారు. కోర్టు ఒప్పుకుంది. మీరు పదమూడో రోజునే అడగండి. “బెయిలొచ్చింది కదా, వస్తడులే” అని కూర్చోకండి.

ఉద్యోగం గురించి ఒక మాట. జైల్లో ఉన్న మనిషి పేర దొంగ సిక్ చీటీ పెట్టించకండి. బయటపడితే కేసుకు తోడు ఇంకో ఛార్జిషీటు కంపెనీ నుంచి వస్తుంది. హాజరు మస్టర్లు తగ్గితే ఏమవుతుందో సింగరేణి కార్మికుల ఇళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు. గని మేనేజర్‌కు నిజం రాసి, యూనియన్ నాయకుడి చేత ఒక ప్రతి మీద స్టాంపు వేయించుకుని దాచండి. కాంట్రాక్ట్ మనుషుల గేట్ పాస్ వెంటనే రద్దవుతుంది, పీఎఫ్ ఎక్కడికీ పోదు. జప్తు చేసిన బండి స్టేషన్ ఆవరణలో తుప్పు పట్టక్కర్లేదు, కేసు తేలేదాకా మన దగ్గర ఉంచుకోవడానికి కోర్టులో పిటిషన్ వేయొచ్చు. 2002లో సుప్రీంకోర్టు ఈ సంగతి కూడా స్పష్టం చేసింది. పిల్లలకు “నాన్న ఊరికి పోయిండు” అని చెప్తారు చాలామంది. బడిలో ఇంకో పిల్ల అసలు మాట చెప్పేస్తుంది. మీరే చెప్పండి, చిన్న మాటల్లో.

విడుదల ఎక్కువగా సాయంత్రం పూట ఉంటుంది. ఉత్తర్వు చేరాలి, సరిచూడాలి, వేరే వారెంటు ఏదైనా ఉందేమో చూడాలి. కరీంనగర్‌లో ఆఖరి బస్సు వేళ కనుక్కుని, చేతిలో చార్జీ డబ్బులు, తినడానికి ఏదైనా పట్టుకుని వెళ్లండి. లోపల రాసి పెట్టుకున్న వస్తువులన్నీ ఇచ్చారో లేదో జాబితా చూసి తీసుకోండి.

ఆ ఇంటికి మొన్న వెళ్లాను. గోడ మీద కొత్త క్యాలెండర్. పాల గీతలు ఎప్పటిలాగే ఉన్నాయి. ప్రతి నెలలో ఒక తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. వాయిదాలట. ఆ రోజుల్లో ఎంత మంచి కిరాయి వచ్చినా ఆమె ఒప్పుకోనివ్వదు. పొద్దున్నే ఆయనకు ఇస్త్రీ చొక్కా తీసిపెట్టి, కోర్టు కాగితాల సంచి చేతికిచ్చి గోదావరిఖని ఆటో ఎక్కిస్తుంది.